మా వారు నడిపే విమానం ఎక్కనంటే ఆయన్ని నమ్మనట్టేనా?

డాలస్ దగ్గర ఉంటున్న ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులో ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు నలభై ఏళ్లు, భర్తకు నలభై నాలుగు. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పదకొండేళ్ల బాబు ఉన్నాడు. 2023లో ఆయన ఉద్యోగం పోయి ఎనిమిది నెలలు ఇంట్లోనే ఉండిపోయారు. "మనిషి మాట్లాడడం మానేశారు. స్నేహితుల ఫోన్లు కూడా ఎత్తేవారు కాదు. రాత్రి రెండింటికి లేచి చూస్తే గరాజ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేవారు" అని రాశారు. మళ్లీ ఉద్యోగం దొరికాక ఆయన చేసిన మొదటి పని, చిన్నప్పటి నుంచి ఉన్న కోరిక తీర్చుకోవడానికి ఫ్లయింగ్ స్కూల్లో చేరడం. గత ఏడాది ప్రైవేట్ పైలట్ లైసెన్సు వచ్చింది. ఒక ఫ్లయింగ్ క్లబ్‌లో సభ్యుడిగా చేరి, నాలుగు సీట్ల సెస్నా 182ను అద్దెకు తీసుకుని వారాంతాల్లో ఎగురుతున్నారు. ఇప్పటికి 130 గంటలయ్యాయి.

వచ్చే మార్చిలో బాబు స్కూలుకి స్ప్రింగ్ బ్రేక్. ఆ వారం కుటుంబమంతా అదే విమానంలో అరిజోనాలోని గ్రాండ్ కాన్యన్ లోయకి వెళ్దామని ఆయన ప్లాన్ వేశారు. శనివారం బయలుదేరి, పై ఆదివారానికి ఇంటికి రావాలి. సోమవారం స్కూలు, ఆఫీసు. నాలుగో సీటు అత్తయ్యగారిది. తెనాలి నుంచి ఆర్నెల్లు ఉండడానికి వచ్చారు, 68 ఏళ్లు, బీపీ ఉంది. కొడుకు విమానం నడుపుతున్నాడని, తనను ఎక్కించుకుని తీసుకెళ్తున్నాడని ఊళ్లో బంధువులందరికీ వాట్సాప్‌లో చెప్పేశారు. బాబు క్లాసులో చెప్పేశాడు.

"జనవరిలో ఒక ఆదివారం నన్నూ బాబునీ లంచ్‌కని తీసుకెళ్లారు. తిరిగి వస్తుంటే మబ్బులు కిందికి దిగాయి. ఆయన ఇంకా కిందికి దించుతూ 'పది నిమిషాలు, దాటేస్తాం' అన్నారు. దాటాం. నేను సీటు అంచు పట్టుకున్న చెయ్యి ఇంటికి వచ్చేదాకా వణుకుతూనే ఉంది. తర్వాత స్నేహితుల ఇంట్లో దాన్ని ఆయన తమాషాగా చెబితే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు నాకు రాత్రిళ్లు నిద్ర లేదు. వద్దంటే ఆయన్ని నమ్మనట్టు అవుతుంది. అంత కష్టపడి మళ్లీ మనిషి అయ్యారు, నేనే పడగొట్టినట్టు అవుతుంది. కారులో పోతే ఇంకా ప్రమాదం అని లెక్కలు చెబుతారు. సరే అనాలా? బాబుని ఎక్కించాలా? భయం నాలోనే ఉందా, నిజంగా ఉందా?"

నా సమాధానం.

మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. భయం మీలోనే లేదు, బయట నిజంగా ఉంది. జనవరిలో ఆ పది నిమిషాల్లో మీ చెయ్యి సరిగ్గానే వణికింది. అది ఎందుకో మీకు ఎవరూ చెప్పి ఉండరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. దీని గురించి తెలియకుండా మీరు ఆయనతో మాట్లాడితే "నీకేం తెలుసు" అన్న చోట మాట ఆగిపోతుంది.

మీ వారి దగ్గర ఉన్న లైసెన్సుతో, నేల, దిగంతం కంటికి కనిపిస్తున్నప్పుడే ఎగరాలి. మబ్బులోకి వెళ్లడానికి ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అని వేరే శిక్షణ, వేరే పరీక్ష ఉన్నాయి. మీ ఉత్తరంలో దాని ప్రస్తావన లేదు, అంటే ఆయనకు ఇంకా లేదనుకుంటున్నాను. మబ్బులో దిగంతం కనబడదు. అప్పుడు మన చెవి లోపలి భాగం శరీరం ఎటు వాలుతోందో తప్పుగా చెబుతుంది. విమానం పక్కకు ఒరిగి తిరుగుతున్నా నిటారుగానే ఉన్నామని ఒళ్లంతా నమ్ముతుంది. ఎంత తెలివైనవాడైనా, ఎంత ధైర్యవంతుడైనా ఇదే జరుగుతుంది. 1954లో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్లు ఈ శిక్షణ లేని 20 మందితో ప్రయోగం చేసి చూశారు. బయటి దృశ్యం కనబడకుండా చేశాక, విమానం అదుపు తప్పే స్థితికి చేరడానికి సగటున 178 సెకన్లు పట్టింది. మూడు నిమిషాలు కూడా కాదు.

1999 జులై 16న అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ తన భార్యనూ ఆమె అక్కనూ ఎక్కించుకుని సొంత విమానంలో బయలుదేరారు. చీకటి పడింది, సముద్రం మీద మసక. ఆయనకూ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు. ముగ్గురూ చనిపోయారు. పైలట్‌కి దిశాభ్రాంతి కలిగి విమానం అదుపు తప్పిందని దర్యాప్తు సంస్థ తేల్చింది. ఇంజిను చెడిపోలేదు. 

మిమ్మల్ని మరింత భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. మీరు మోస్తున్న భయానికి ఒక ఆకారం ఇస్తున్నాను. "విమానం అంటే భయం" అని మీరు అనుకుంటున్నారు. నిజానికి మీ భయం చాలా కచ్చితమైనది. వాతావరణం మారినప్పుడు ఈయన వెనక్కి తిరగరేమో అన్నది మీ భయం. ఆ రోజు తిరగలేదు కాబట్టే అది పుట్టింది. ఆయన చేతి నైపుణ్యం మీద మీకు అనుమానం ఉన్నట్టు మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. కాబట్టి 'నమ్మకం లేదు' అన్న మాటను మీ నెత్తిన మీరు పెట్టుకోకండి, ఆయన పెట్టినా తీసుకోకండి.

కారు లెక్క గురించి కూడా ఒక మాట. విమానం కారు కంటే క్షేమం అని మనం వినే లెక్కలు పెద్ద ఎయిర్‌లైన్ల గురించి. ఇద్దరు పైలట్లు, జెట్ ఇంజన్లు, నేల మీద నుంచి ప్రయాణాన్ని ప్లాన్ చేసి గమనించే డిస్పాచర్లు ఉండే విమానాలవి. సొంతంగా నడుపుకునే చిన్న విమానాల లెక్క వేరు. అమెరికాలో ఇటీవలి సంవత్సరాల్లో వాటికి లక్ష గంటలకు సుమారు ఒక ప్రాణాంతక ప్రమాదం జరుగుతోంది. ఇది కారు ప్రయాణం కంటే ఎక్కువ ప్రమాదమే. ఈ విషయంలో మీ వారి లెక్క తప్పు. అయితే ఇందులో ఆశ పెట్టుకోవడానికి ఒక మంచి సంగతి ఉంది. ఈ ప్రమాదాల్లో చాలా భాగం పైలట్ నిర్ణయం వల్ల జరిగేవే: చెడు వాతావరణంలోకి పోవడం, పెట్రోలు అయిపోవడం, బరువు ఎక్కువ వేయడం. రోడ్డు మీద ఎదుటివాడు తాగి వస్తే మనం చేయగలిగేది తక్కువ. ఇక్కడ బయలుదేరాలా, ఆగాలా, తిరగాలా అన్నది చాలావరకు మీ వారి చేతిలో ఉంది. అందుకే మాట్లాడాల్సింది ఆయన నిర్ణయాల గురించి.

ఇప్పుడు ఆయన ప్లాన్ చూద్దాం. న్యాయంగా చెప్పాలంటే ఇందులో పిచ్చిపని ఏమీ లేదు. సెస్నా 182 బలమైన విమానం. మీ నలుగురూ కొద్దిపాటి సామానూ అయితే బరువు సరిపోవచ్చు. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు పక్కనే ఉన్న ఎయిర్‌పోర్టు రన్‌వే కూడా దాదాపు 9,000 అడుగుల పొడవు. అనుభవం ఉన్నవాళ్లు ఈ ప్రయాణం చేస్తూనే ఉంటారు.

కానీ డాలస్ నుంచి అది సుమారు 770 నాటికల్ మైళ్లు (విమానాల లెక్కలో వాడే మైలు, మామూలు మైలు కంటే కాస్త పెద్దది). గాలి లేకపోతే ఐదున్నర గంటలు. పడమటికి వెళ్తున్నారు, గాలి సాధారణంగా ఎదురుగా ఉంటుంది, పైగా వెస్ట్ టెక్సస్‌లో, న్యూ మెక్సికోలో వసంతకాలం అంటేనే గాలుల కాలం, దుమ్ము కాలం. ఆరేడు గంటలు వేసుకోవాలి, మధ్యలో పెట్రోలుకి ఆగాలి. డాలస్ చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి ఆరేడు వందల అడుగులు. అక్కడ దిగే ఎయిర్‌పోర్టు 6,609 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తులో గాలి పలచబడి, టర్బో (గాలిని నొక్కి ఇంజినుకు అందించే పరికరం) లేని ఇంజిను తన శక్తిలో దాదాపు ఐదో వంతు కోల్పోతుంది. మార్చిలో అక్కడ మంచు కూడా పడొచ్చు. ఇన్నాళ్లూ ఆయన ఎగిరింది చదునైన నేల మీద. కొండల దగ్గర గాలి ఎలా తిరుగుతుందో పుస్తకంలో చదవడం వేరు, చేతుల్లో తెలియడం వేరు.

ఇంకొకటి. కాన్యన్ లోపలికి దిగి చూపిస్తానని బాబుకి చెప్పి ఉంటే, అది కుదరదు. 1986లో అక్కడ టూరిస్టులను తిప్పే ఒక విమానం, ఒక హెలికాప్టర్ గాలిలో ఢీకొని 25 మంది చనిపోయారు. ఆ తర్వాత అక్కడి ఆకాశానికి ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. మీ వారి లాంటి పైలట్లు గుర్తించిన దారుల్లోనే, 10,500 అడుగులు, ఆపైన నిర్ణయించిన ఎత్తుల్లోనే దాటాలి. అంత పైనుంచి కనిపించేది అందంగానే ఉంటుంది, కానీ అంచున నిలబడి చూసే కాన్యన్ అది కాదు. ఎలాగూ ఆ అంచు దగ్గరికి నడిచే వెళ్లాలి.

వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మీరు మామూలుగా రాసేసిన వాక్యం: "ఆదివారానికి ఇంటికి రావాలి." పైలట్లు దీన్ని ఒక జబ్బులాగే చెప్పుకుంటారు, గెట్-దేర్-ఐటిస్ అని. ఎలాగైనా చేరాలి అన్న ఆత్రం. సోమవారం మీటింగు ఉంది, స్కూలు ఉంది, క్లబ్‌లో విమానం తర్వాత ఇంకొకరు బుక్ చేసుకున్నారు, అమ్మ చూస్తోంది, కొడుకు చూస్తున్నాడు, తెనాలిలో అందరూ ఫొటోల కోసం ఎదురు చూస్తున్నారు. దారిలో, న్యూ మెక్సికోలోని ఆల్బుకెర్కీలో మబ్బు దిగితే ఇవన్నీ ఆయనతో పాటు ఆ విమానంలో కూర్చుంటాయి. జనవరిలో వీటిలో చాలా భాగం లేవు, ఒట్టి ఆదివారం లంచ్ ప్రయాణం. అప్పుడే ఆయన "పది నిమిషాలు" అన్నారు.

మీ ముందు ఉన్న దారులు నాకు తోచినంతలో చెబుతాను.

ప్లాన్ ఉన్నది ఉన్నట్టుగా ఒప్పుకోవడం ఒకటి. ఒప్పుకుంటే కొన్ని షరతులతో ఒప్పుకోండి. మంచి పైలట్లు తమ హద్దులు ముందే కాగితం మీద రాసుకుంటారు. వాటిని పర్సనల్ మినిమమ్స్ అంటారు. వీటి గురించి ఆయనకు శిక్షణలోనే చెప్పి ఉంటారు. మబ్బు ఎంత ఎత్తులో ఉంటే బయలుదేరను, గాలి ఎంత ఉంటే దిగను, రాత్రి ఎగరను, పగటిపూట చట్టం అడిగే అరగంట పెట్రోలుకి బదులు గంటకు పైగా మిగుల్చుకుంటాను, ఇలాంటివి. ఇంట్లో సోఫాలో కూర్చుని, తల చల్లగా ఉన్నప్పుడు రాసినవి గాలిలో పనికొస్తాయి. ఆ కాగితం మీరు చదవాలి. దానితో పాటు, ఇంటికి వచ్చే రోజును ఆదివారం నుంచి విడదీయాలి. ఇద్దరూ బుధవారం దాకా సెలవు పెట్టగలరా? విమానాన్ని ఎక్కడో వదిలేసి నలుగురికీ ఎయిర్‌లైన్ టికెట్లు కొనుక్కుని రావడానికి, తర్వాత ఆ విమానాన్ని వెనక్కి తెప్పించడానికి అయ్యే డబ్బును ఇప్పుడే పక్కన పెట్టగలరా? రాత్రి బయట ఉంచితే రోజుకి కనీసం ఇన్ని గంటల అద్దె కట్టాలని చాలా క్లబ్బుల్లో నియమం ఉంటుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. ఆ డబ్బు పోయినా ఫరవాలేదని ముందే అనుకున్నవాళ్లకు మబ్బు చూసి ఆగడం తేలిక. ఈ మొత్తం చూశాక బరువుగా అనిపిస్తే, ఆ ప్రయాణం మీ ఇంటికి ఇంకా తొందర అని అర్థం. నా అభిప్రాయం అడిగితే, 130 గంటలు, రేటింగ్ లేకుండా, కొండల అనుభవం లేకుండా, అమ్మతో కొడుకుతో మొదటి పెద్ద ప్రయాణంగా దీన్ని నేను ఎంచుకోను.

రెండో దారి, ఆయన ఎగురుతారు, మీరు ముగ్గురూ ఎయిర్‌లైన్‌లో వెళ్తారు. డాలస్ నుంచి ఫీనిక్స్‌కి రోజంతా విమానాలు ఉంటాయి. అక్కడి నుంచి కారులో మూడున్నర, నాలుగు గంటలు. ఆయన ఒక ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని సెస్నాలో వస్తే, కొండల్లో ఎగరడం నేర్చుకున్నట్టు కూడా అవుతుంది. ఖర్చు రెట్టింపు. ఆయనకు కొంచెం చిన్నబోయినట్టు ఉంటుంది, ఎందుకంటే ఆయన కలలో మీరు పక్క సీట్లో ఉన్నారు. ఒంటరిగా వస్తానంటే ఆయన ప్రాణం మీద మీ దిగులు తగ్గదు. ఇన్‌స్ట్రక్టర్ ఉంటే చాలా తగ్గుతుంది.

నాకు బాగా నచ్చింది మూడోది. విమానం అలాగే ఉంచి, ఊరు మార్చడం. ఆర్కన్సాలో హాట్ స్ప్రింగ్స్ నేషనల్ పార్కు ఉంది. డాలస్ నుంచి సుమారు 220 నాటికల్ మైళ్లు, ఆ విమానంలో రెండు గంటల లోపే. ఎయిర్‌పోర్టు ఎత్తు 540 అడుగులు, అంటే దాదాపు మీ ఊరి ఎత్తే. ఎయిర్‌పోర్టు నుంచి పార్కు కొద్ది మైళ్లే. మొట్టమొదటి నేషనల్ పార్కు అయిన ఎల్లోస్టోన్ కంటే నలభై ఏళ్ల ముందు, 1832లోనే ఆ వేడినీటి బుగ్గల చుట్టూ ఉన్న నేలను అమెరికా ప్రభుత్వం రిజర్వు చేసింది. 1921లో అది నేషనల్ పార్కు అయింది. నీళ్లు భూమిలోంచి దాదాపు 62 డిగ్రీల సెల్సియస్ వేడితో వస్తాయి. వీధి పొడవునా పాతకాలపు స్నానశాలలు ఎనిమిది ఉన్నాయి. వాటిలో బక్‌స్టాఫ్ 1912 నుంచి నడుస్తోంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఆ వేడి నీళ్లలో కూర్చోవడం హాయిగా ఉంటుంది, అయితే బీపీ ఉంది కాబట్టి డాక్టర్ని అడిగాకే. బుగ్గ నీళ్లను అక్కడి కుళాయిల దగ్గర జనం క్యాన్లలో పట్టుకుపోతుంటారు. బాబుకి కొండెక్కే దారులున్నాయి.

ఇందులో అసలు లాభం వేరే ఉంది. హాట్ స్ప్రింగ్స్ నుంచి డాలస్‌కి కారులో ఐదు గంటల లోపే. మార్చిలో ఆ వైపు ఉరుములు, తుఫాన్లు తక్కువేమీ కాదు. వాతావరణం చెడితే కారు అద్దెకు తీసుకుని రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటారు. విమానం అక్కడే కట్టేసి ఉంటుంది, పై శనివారం వెళ్లి తెచ్చుకోవచ్చు. అంటే ఆయన వెనక్కి తిరగడానికి గానీ, అసలు బయలుదేరకపోవడానికి గానీ ఎవరూ పెద్ద మూల్యం చెల్లించనక్కర్లేదు. గ్రాండ్ కాన్యన్ నుంచి ఇంటికి రోడ్డు మీద వెయ్యి మైళ్లకు పైగా ఉంటుంది. ఆ తేడా ఒక పైలట్ నిర్ణయం మీద ఎంత పని చేస్తుందో మీ వారికి మీరు చెప్పనక్కర్లేదు, మ్యాప్ ముందు పెడితే ఆయనకే తెలుస్తుంది. ఇందులో పోయేదల్లా, తెనాలిలో చెప్పిన పేరు మారుతుంది. బాబు కొంచెం గొడవ చేస్తాడు.

నాలుగోది, ఈ ఏడాది అందరూ ఎయిర్‌లైన్‌లోనే గ్రాండ్ కాన్యన్‌కి వెళ్లడం, సొంత విమానం మాట వచ్చే ఏడాదికి పెట్టుకోవడం. మీకు నిద్ర పడుతుంది. కానీ 'వచ్చే ఏడాది' అనేది ఒట్టి మాటగా చెబితే ఆయన దాన్ని 'ఎప్పటికీ వద్దు' అనే వింటారు. దాని బదులు ఒక గమ్యం ఇవ్వండి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చేయమనండి. దానికి బయటికి చూడకుండా ఇన్‌స్ట్రుమెంట్ల మీదే ఆధారపడి ఎగరడం 40 గంటలు, పైలట్‌గా దూరప్రయాణాలు 50 గంటలు కావాలి. ఖర్చవుతుంది, ఇంటి బడ్జెట్‌లో దానికి చోటు చేయండి. మీరే "ఇది చేయండి, డబ్బు నేను సర్దుతాను" అంటే, ఆయన ఎగరడానికి మీరు అడ్డం కాదని ఇంతకంటే గట్టిగా చెప్పే మాట ఉండదు.

మాట్లాడే విధానం గురించి. గ్రాండ్ కాన్యన్‌తో మొదలుపెట్టకండి, జనవరితో మొదలుపెట్టండి. ఆ రోజు మీరు నవ్వారు కాబట్టి మీకు ఎలా ఉందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. అది ఆయన తప్పు మాత్రమే కాదు. అత్తయ్యగారూ బాబూ లేనప్పుడు, ఇద్దరే ఉన్నప్పుడు ఇలా చెప్పి చూడండి: "ఆ రోజు మబ్బుల కింద మీరు పది నిమిషాలు అన్నప్పుడు నాకు ప్రాణం పోయినట్టు అయింది. అప్పుడు చెప్పలేదు, చెబితే మీ ఆనందం పోతుందని. మీరు విమానం నడపడం నాకు ఇష్టమే. ఆ గరాజ్ రోజులు నేను మర్చిపోలేదు. కానీ అలాంటప్పుడు మీరు వెనక్కి తిరుగుతారని నాకు తెలియాలి. మీకేం అనిపించింది ఆ రోజు?" చివరి ప్రశ్న అడిగి ఆగండి. ఆయనే భయపడి ఉండొచ్చు. తమాషాగా చెప్పేవాటి వెనక తరచూ అదే ఉంటుంది. "నిజమే, తిరగాల్సింది" అని ఆయన నోట వస్తే, సగం సమస్య అక్కడే తీరుతుంది, ఆ మనిషి పక్కన కూర్చోవచ్చు. "నీకు అర్థం కాదు, ఏమీ కాలేదుగా" అంటే, ఆయన ఇన్‌స్ట్రక్టర్‌తో ముగ్గురూ కూర్చుని ఆ రోజు సంగతి మాట్లాడదామని అడగండి. భార్య మాట నచ్చకపోయినా నేర్పిన గురువు మాట వింటారు. చాలామంది ఇన్‌స్ట్రక్టర్లు ఈ సంభాషణకు సంతోషంగా ఒప్పుకుంటారు.

మీరు కూడా ఒక అడుగు వేయండి. పైలట్ పక్కన కూర్చునేవాళ్ల కోసం, అత్యవసరమైతే రేడియోలో సహాయం అడిగి విమానాన్ని దించేంత వరకు నేర్పే కోర్సులు ఉన్నాయి. అమెరికాలో పైలట్ల సంఘం ఏఓపీఏ వాళ్లు 'పించ్ హిట్టర్' పేరుతో ఒకటి ఇస్తారు. దీనివల్ల భయం మొత్తం పోదు, కానీ ఏ భయం వట్టిదో, ఏది నిజమో తేడా తెలుస్తుంది. రెండూ కలిసిపోవడమే మీ నిద్రని తినేస్తోంది.

ఏ దారి ఎంచుకున్నా ఇన్సూరెన్స్ కాగితాలు తీయండి. మీ వారి టర్మ్ పాలసీ, ఆఫీసు ఇచ్చే ప్రమాద బీమా, అత్తయ్యగారి విజిటర్ ఇన్సూరెన్స్, ప్రైవేట్ విమానంలో జరిగినదానికి వర్తిస్తాయా అని కంపెనీలను రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీల్లో పైలట్‌గా నడిపేటప్పుడు వర్తించదన్న షరతు ఉంటుంది. అద్దె విమానానికి నష్టం జరిగితే క్లబ్ బీమా ఎంతవరకు భరిస్తుందో కూడా కనుక్కోండి.

ఇక బాబు సంగతి. ఒకవేళ మాటలన్నీ అయ్యాక కూడా ఆయన హద్దులు రాయనంటే, జనవరిని ఒప్పుకోనంటే, గ్రాండ్ కాన్యన్‌కే అదే వారం అలాగే వెళ్తానంటే, బాబుని ఎక్కించను అనే హక్కు మీకు ఉంది. తల్లిదండ్రులిద్దరిలో ఒకరు సరిపెట్టుకోలేని ప్రమాదంలోకి బిడ్డను తీసుకెళ్లకూడదని నేను గట్టిగా నమ్ముతాను. దానివల్ల ఇంట్లో కొన్ని వారాలు మాటలుండవు. ఆయనకు అవమానంగా ఉంటుంది, పాత రోజులు తిరిగి వస్తాయేమో అని మీకు భయం వేస్తుంది. అవన్నీ బాగుచేసుకోగలిగినవే. అయితే అది చివరి మాట, మొదటి మాటగా వాడకండి. బెదిరింపుగా వాడితే ఆయన మీ భయాన్ని వినరు, మీతో వాదిస్తారు.

ఆయన కుంగిపోయిన రోజుల గురించి మీరు రాసినదాన్ని నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఉద్యోగం పోయిన మగవాడు ఇంట్లో ఎలా అయిపోతాడో చాలా ఉత్తరాల్లో చదివాను. కానీ చూడండి, ఆయన్ని నిలబెట్టింది గ్రాండ్ కాన్యన్ కాదు. వారం వారం వెళ్లి నేర్చుకోవడం, తప్పు చేసి దిద్దుకోవడం, పరీక్ష గట్టెక్కడం, క్లబ్‌లో నలుగురు మనుషులు. అవి ఇప్పుడు కూడా ఉన్నాయి. ఒక ప్రయాణం మారినంత మాత్రాన ఆయన మళ్లీ గరాజ్‌లోకి వెళ్లిపోతారని మీరు అనుకుంటే, ఆ మనిషిని మీరు తక్కువ అంచనా వేస్తున్నారు. ఒకవేళ నిజంగా అంత సన్నని దారం మీద ఉన్నారని మీకు అనిపిస్తే, అది ఒక డాక్టరుతోనో కౌన్సిలర్‌తోనో మాట్లాడాల్సిన సంగతి. అలాంటి స్థితిలో ఉన్న పైలట్ నేల మీద ఆగడమే మంచిది, వాళ్ల శిక్షణ కూడా అదే చెబుతుంది.

అత్తయ్యగారి విషయం చాలా ఇళ్లలో అడ్డం పడుతుంది, మీ ఇంట్లో పడకపోవచ్చు. ఆవిడతో విడిగా, నెమ్మదిగా మాట్లాడండి. ఆ విమానంలో బాత్రూమ్ ఉండదని ఆవిడకు ఎవరైనా చెప్పారా? ఒక్కోసారి రెండున్నర గంటలు దిగకుండా కూర్చోవాలి. పెద్ద విమానాల్లోలా లోపల గాలి ఒత్తిడిని సర్దే ఏర్పాటు ఉండదు, బీపీ మనిషికి పదివేల అడుగుల పైన ఎలా ఉంటుందో డాక్టర్ని అడగాలి. ఎదురుగాలిలో కుదుపులు ఉంటాయి, వాంతులు కావొచ్చు. ఇవి విన్నాక ఆవిడే "దగ్గర ఊరికి వెళ్దాంరా" అని కొడుకుతో అనే అవకాశం ఉంది, కానీ ఆవిడ చేత అనిపించడానికి చెప్పకండి, ఆవిడకు తెలియాలి కాబట్టి చెప్పండి. ఊళ్లో చెప్పేసిన మాట గురించి ఆవిడ ఇబ్బంది పడితే, మార్చి కంటే ముందే ఒక మంచి ఎండ రోజు చూసి, పొద్దున్నే, గాలి లేవకముందు, ఊరి చుట్టూ ఓ అరగంట తిప్పి తీసుకురమ్మని మీ వారితో అనండి. కొడుకు విమానం ఎక్కిన ఫొటో తెనాలికి ఆ రోజే వెళ్తుంది.